తెరమీద కనిపిస్తున్న పదం దగ్గరికి కర్సర్ చప్పున చేరాలంటే ఏది వాడాలి? (విమ్ / నియోవిమ్ టెక్స్ట్ ఎడిటర్లలో)

జెజెజెజె అడిగారు:

ఫైల్ మొత్తంలో వెతకడం గురించి కాదండీ. తెరమీద ఒక 50 లైన్లు కనిపిస్తున్నాయి. కర్సర్‌కి 23 లైన్ల కింద, లైన్ మధ్యలో ఒక వేరియబుల్ ఉంది. చూపు దానిమీదే ఉంది, కర్సరే అక్కడికి చేరాలి. మౌస్ వద్దు. ఇప్పుడు వాడుతున్నవి, వాటితో వచ్చే ఇబ్బందులు ఇవీ:

– రిలేటివ్‌నంబర్ (కర్సర్ నుంచి ఎన్నో లైనో పక్కన చూపే ఆప్షన్) పెట్టుకుని 23 జె (23 లైన్లు కిందికి). లైన్ దొరుకుతుంది. తర్వాత పదం దాకా డబ్ల్యు (తర్వాతి పదానికి) కొడుతూ పోవాలి. ఒకటి ఎక్కువైతే మళ్ళీ బి (వెనకటి పదానికి).

– స్లాష్ (సెర్చ్) కొట్టి పదం టైప్ చేయడం. ఆ పేరు మధ్యలో ఇంకో ఆరు చోట్ల ఉంటే ఎన్, ఎన్, ఎన్ (తర్వాతి మ్యాచ్‌కి). ఒక్కోసారి తెర దాటి కిందికి పోతుంది, చూస్తున్న చోటే మాయమవుతుంది.

– ఈజీమోషన్‌లో (పదాలమీద లేబుళ్ళు పెట్టి, లేబుల్ కొడితే అక్కడికి దూకించే ప్లగిన్) లీడర్ లీడర్ డబ్ల్యు (లీడర్ అంటే సొంత షార్ట్‌కట్ల ముందు కొట్టే కీ). తెరంతా అక్షరాలతో నిండిపోతుంది. వెళ్ళాల్సిన పదం మీదే లేబుల్ కూర్చుని అదేంటో కనబడదు.

వీటిలో ఏది ఎప్పుడు వాడాలి? డి (చెరుపు), సి (మార్చు), వై (కాపీ) లాంటి ఆపరేటర్లతో కలిపి పని చేసేది ఏది? వెళ్ళి ఏదో సరిచేసి తిరిగి మొదటి చోటికి రావడం ఎలా? సొంత మెషిన్‌లో నియోవిమ్ ఉంది, సర్వర్లలో మాత్రం ఉత్త విమ్, ప్లగిన్లు పెట్టడానికి వీల్లేదు.

---

చూపుమొన జవాబు:

ముందుగా ఒక మాట: షిఫ్ట్‌తో కొట్టే అక్షరాన్ని "పెద్ద" అని రాస్తున్నాను.

మీరు కీల లెక్క చూస్తున్నారు. నిజానికి టైం తినేది చూపు తిప్పడం. 23 జె కొట్టాలంటే చూపు పదం మీంచి ఎడమ అంచుకి పోయి, అంకె చదివి, మళ్ళీ పదం దగ్గరికి వచ్చి దాన్ని వెతుక్కోవాలి. ఈజీమోషన్ డబ్ల్యు చూపుని కదిలించదు గానీ లేబుల్ వచ్చేదాకా చెయ్యి ఖాళీగా కూర్చుంటుంది. ఏం కొట్టాలో ముందుగా తెలియదు కదా. పైగా లెక్క చూడండి: 50 లైన్లు, లైన్‌కి 8 పదాలనుకుంటే 400 లేబుళ్ళు కావాలి. అక్షరాలు 26. అంటే చాలా పదాలకి రెండక్షరాల లేబుల్ తప్పదు (26 × 26 అంటే 676). అప్పటికప్పుడు చదివి కొట్టాల్సిన రెండక్షరాలు అవి.

ఆ రెండక్షరాలేవో పదంలోనివే అయితే ముందే తెలుసు, చూస్తూనే ఉన్నారు కాబట్టి. రెండక్షరాల సెర్చ్ ప్లగిన్ల కిటుకు ఇదే. ఎస్ కొట్టి, చూస్తున్న చోటున్న రెండక్షరాలు కొడతారు. తెరమీద ఆ జత ఒక్కచోటే ఉంటే కర్సర్ అక్కడికి పోయినట్టే. నాలుగైదు చోట్ల ఉంటే ఒక్క అక్షరం లేబుల్ వస్తుంది, అది కొట్టడమే. దగ్గరైనా దూరమైనా మూడు లేదా నాలుగు కీలు, ఎప్పుడూ ఒకే వరస. చెయ్యి ఆలోచించక్కర్లేదు.

అయితే ఏ రెండక్షరాలు అన్నదానిమీదే అంతా ఉంది. తెరమీద ఇలాంటి లైన్ ఉందనుకోండి:

    టోటల్ = కాల్క్(డేటా, స్టార్ట్, ట్యాక్స్)

అసలు కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి గాబట్టి ఆ స్పెల్లింగ్‌తోనే ఆలోచించండి. వెళ్ళాల్సింది ట్యాక్స్ దగ్గరికి. అలవాటుగా మొదటి రెండక్షరాలు టి, ఎ కొడితే టోటల్‌లోనూ ఉన్నాయి, డేటాలోనూ ఉన్నాయి, స్టార్ట్‌లోనూ ఉన్నాయి. ఒక్క లైన్‌లోనే నాలుగు. తెరంతా చూస్తే ఇరవై ఉండొచ్చు. అదే ఎ, ఎక్స్ కొడితే? ఇదొక్కటే, మహా అయితే ఎక్కడో ఒక మ్యాక్స్ ఉంటుంది. కర్సర్ పదం మొదట్లో కాక రెండో అక్షరం మీద పడుతుంది. పడనీయండి. తర్వాత కొట్టబోయేది సి ఐ డబ్ల్యు అయితే కర్సర్ పదంలో ఎక్కడున్నా మొత్తం పదమే మారుతుంది. ఆర్-ఈ, ఐ-ఎన్, ఎస్-టి లాంటి జతలు కోడ్‌లో ఇసకేస్తే రాలనన్ని. పెద్దక్షరం, అండర్‌స్కోర్, బ్రాకెట్, ఎక్స్, క్యూ, జెడ్ కలిసే జత కనబడితే దాన్నే పట్టుకోండి. పదం చివరి అక్షరం, దాని వెనకున్న కామా కూడా మంచి జతే.

ప్లగిన్ల సంగతి. స్నీక్ విమ్‌లోనూ నియోవిమ్‌లోనూ నడుస్తుంది. మామూలుగా లేబుళ్ళు చూపదు, మొదటిదానికి దూకి సెమీకోలన్‌తో తర్వాతి వాటికి తీసుకెళ్తుంది. లేబుళ్ళు కావాలంటే దాని లేబుల్ ఆప్షన్ 1 చేయాలి. లీప్, ఫ్లాష్, హాప్ నియోవిమ్‌కి మాత్రమే. హాప్ దాదాపు ఈజీమోషన్ బాటే. లీప్‌లో మొదటి అక్షరం కొట్టగానే లేబుళ్ళు కనబడతాయి, రెండోది కొట్టేలోపు మీ లేబుల్ చదివేస్తారు. అందుకే అది ఆగకుండా సాగుతున్నట్టు అనిపిస్తుంది. ఫ్లాష్‌లో రెండే అక్షరాలన్న నియమం లేదు, ఎన్నైనా కొట్టుకుంటూ పోవచ్చు. మీ పదంలో తర్వాత రాగల అక్షరాన్ని అది లేబుల్‌గా వాడదు, కాబట్టి టైప్ చేస్తూ చేస్తూ పొరపాటున దూకెయ్యడం ఉండదు.

లీప్‌తో కొత్తలో అందరూ తికమకపడేది ఒకటుంది. మొదటి మ్యాచ్‌కి అది అడక్కుండానే దూకేస్తుంది, మిగతావాటికి మాత్రం లేబుళ్ళు పెడుతుంది. దూకాక వెంటనే మీరు కొట్టే కీ ఏదైనా లేబుల్‌తో ఢీకొంటే వేరే చోటికి పోతారు. అందుకే సేఫ్ లేబుల్స్ అని వేరే జాబితా ఉంటుంది, దూకిన వెంటనే ఎవరూ మామూలుగా కొట్టని కీలతో. మీరు దూకాక తరచూ కొట్టే కీ అందులో ఉంటే తీసెయ్యండి. ఆ జాబితానే ఖాళీ చేస్తే అడక్కుండా దూకడం ఆగిపోతుంది.

ఒకే లైన్‌లో ఉంటే ఇవేవీ వద్దు. ఎఫ్ (కొట్టిన అక్షరం మీదికి), టి (దాని ముందుదాకా) చాలు. పైన రాసిన టోటల్ లైన్‌లో కర్సర్ బ్రాకెట్ లోపల ఉంటే సి టి ) కొట్టగానే బ్రాకెట్ ముందుదాకా చెరిగిపోయి ఇన్సర్ట్ మోడ్‌లో (టైప్ చేసే మోడ్) ఉంటారు. తప్పు చోట ఆగితే సెమీకోలన్ ముందుకి, కామా వెనక్కి. కామాని లీడర్‌గా పెట్టుకున్నవాళ్ళు ఈ వెనక్కి వచ్చే సౌకర్యాన్ని పోగొట్టుకున్నట్టే. లీడర్‌కి స్పేస్ పెట్టుకోండి.

---

సర్వర్_విమ్ జవాబు:

ప్లగిన్లు లేని చోటి సంగతి చెప్తాను. ఉత్త విమ్‌లో స్లాష్ సెర్చే లేబుళ్ళ పని చాలావరకు చేస్తుంది, సరిగ్గా పెట్టుకుంటే. మూడు ఆప్షన్లు ఆన్ చేయండి: ఇన్‌క్‌సెర్చ్, ఇగ్నోర్‌కేస్ (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడదు), స్మార్ట్‌కేస్ (పెద్దక్షరం కొడితే మాత్రం చూస్తుంది).

ఇన్‌క్‌సెర్చ్ ఉంటే అక్షరాలు కొడుతుండగానే మ్యాచ్ కనబడుతుంది. ఇక్కడ చాలామందికి తెలియనిది: ఎంటర్ కొట్టకముందే, స్లాష్ లైన్‌లో ఉండగానే, కంట్రోల్-జి తర్వాతి మ్యాచ్‌కి తీసుకెళ్తుంది, కంట్రోల్-టి వెనకటిదానికి. కావలసింది వచ్చాక ఎంటర్. అసలు కాదనుకుంటే ఎస్కేప్ కొట్టండి, ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే ఉంటారు, తెర కూడా వెనక్కి వస్తుంది. మీరన్న "ఎన్ కొడితే తెర దాటిపోయింది" బాధ దీంతో సగం తీరుతుంది. ఈ రెండు కీలూ విమ్ 8.0 నుంచి (2016) ఉన్నాయి. సర్వర్‌లో అంతకన్నా పాతది ఉంటే పని చేయవు. కొన్ని చోట్ల విమ్ పేరుతో ఉండేది టైనీ బిల్డ్ (చాలా సౌకర్యాలు తీసేసిన చిన్న విమ్). కోలన్ వెర్షన్ కొట్టి ఎక్స్‌ట్రా_సెర్చ్ ముందు ప్లస్ ఉందో మైనస్ ఉందో చూడండి. మైనస్ అయితే ఇన్‌క్‌సెర్చే లేదు.

పదం కర్సర్‌కి పైన ఉంటే స్లాష్ కాదు, ప్రశ్నార్థకం కొట్టండి. స్లాష్‌తో కొడితే ఫైల్ చివరిదాకా పోయి, మొదటికి చుట్టి తిరిగొస్తుంది. చూస్తున్న చోటు పోవడానికి సగం కారణం ఇదే. నోర్యాప్‌స్కాన్ పెడితే అసలు చుట్టదు.

చుక్క, స్టార్, చదరపు బ్రాకెట్, టిల్డ ఉన్న చోటికి వెళ్ళాలంటే అవి ప్యాటర్న్‌లో వేరే అర్థంలో పని చేస్తాయి. స్లాష్ కొట్టగానే బ్యాక్‌స్లాష్, పెద్ద వి కొట్టి మొదలుపెడితే ఒక్క బ్యాక్‌స్లాష్ తప్ప అన్నీ మామూలు అక్షరాలే. స్లాష్ ఉన్న దారి పేర్లని వెతికేటప్పుడు ఆ స్లాష్ ముందు మాత్రం బ్యాక్‌స్లాష్ తప్పదు.

పెద్ద హెచ్, ఎమ్, ఎల్ తెర పైకి, మధ్యకి, కిందికి తీసుకెళ్తాయి. 5 పెద్ద ఎల్ అంటే కింది నుంచి ఐదో లైన్. గురి పెట్టి వెళ్ళడానికి కాకపోయినా, పెద్ద ఎల్ కొట్టి నాలుగు కె కొట్టడం 23 జె కన్నా తేలికే. స్క్రోల్‌ఆఫ్ 999 పెట్టుకుని కర్సర్ ఎప్పుడూ తెర మధ్యే ఉండాలనుకునేవాళ్ళకి మాత్రం పెద్ద హెచ్, ఎల్ రెండూ దండగ.

తిరిగి రావడం: స్లాష్, ఎన్, స్టార్, పెద్ద హెచ్, ఎమ్, ఎల్ ఇవన్నీ జంప్‌లిస్ట్‌లో (దూకిన చోట్ల జాబితా) పడతాయి. కంట్రోల్-ఓ వెనక్కి, కంట్రోల్-ఐ ముందుకి. లేదా బ్యాక్‌టిక్ రెండుసార్లు కొడితే దూకే ముందున్న అక్షరం మీదికే పోతారు. ఎఫ్, టి, జె, కె మాత్రం జంప్‌లిస్ట్‌లో పడవు. మీరు 23 జె కొట్టి, కంట్రోల్-ఓ కొడితే అంతకుముందెప్పుడో దూకిన చోటికి పోతారు. "కంట్రోల్-ఓ ఎక్కడికో పోతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. రిలేటివ్‌నంబర్ వదలలేకపోతే జెకి ఒక ఎక్స్‌ప్రెషన్ మ్యాపింగ్ (కీ ఏం చేయాలో అప్పటికప్పుడు లెక్కగట్టే సెట్టింగ్) పెట్టండి: కౌంట్ 5 దాటితే ముందు ఎమ్, సింగిల్ కోట్ కొట్టి (అది ఇప్పుడున్న చోటుని జంప్‌లిస్ట్‌లో గుర్తు పెడుతుంది), తర్వాత అదే కౌంట్‌తో జె కొట్టేలా. కెకి కూడా అంతే.

---

జెజెజెజె:

కంట్రోల్-జి సంగతి బాగుందండీ. రెండు సందేహాలు. లీప్ పెట్టాక ఎస్ కొడితే దాదాపు ఒక సెకను ఆగుతోంది, ఆ తర్వాతే కదులుతోంది. రెండోది: డి కొట్టి స్లాష్‌తో కింది లైన్ మొదట్లో ఉన్న పదానికి వెళ్తే, ఆ పదం ముందుదాకా చెరిపితే చాలు కదా, కొన్నిసార్లు లైన్లకి లైన్లే పోతున్నాయి, కొన్నిసార్లు పోవట్లేదు. ఎందుకు?

---

చూపుమొన:

ఎస్ ఆగడం: ఎస్‌తో మొదలయ్యే ఇంకో మ్యాపింగ్ ఏదో ఉంది. బ్రాకెట్లు చుట్టే మినీ సరౌండ్ లాంటి ప్లగిన్లు ఎస్-ఎ, ఎస్-డి, ఎస్-ఆర్ వాడతాయి. మీరు ఎస్ కొట్టగానే రెండో కీ వస్తుందేమోనని ఎడిటర్ ఎదురుచూస్తుంది, టైమ్‌అవుట్‌లెన్ అయ్యేదాకా. దాని డీఫాల్ట్ 1000 మిల్లీసెకన్లు, మీ సెకను అదే. కోలన్ వెర్బోస్ ఎన్‌మ్యాప్ ఎస్ అని కొడితే ఎస్‌తో మొదలయ్యేవన్నీ, ఏ ఫైల్‌లో పెట్టారో దానితో సహా చూపిస్తుంది. సరౌండ్‌ని జి-ఎస్ లాంటి వేరే ముందుకీకి మార్చండి. టైమ్‌అవుట్‌లెన్‌ని 200కి దించడం మందు కాదు, మిగతా లీడర్ మ్యాపింగులు అందక తప్పిపోతాయి.

ఎస్ అసలు పని (ఒక అక్షరం తీసి ఇన్సర్ట్‌లోకి పోవడం) పోయిందని బెంగ అక్కర్లేదు. సి ఎల్ అదే చేస్తుంది. పెద్ద ఎస్‌కి బదులు సి సి. స్నీక్ వాడితే ఆపరేటర్ తర్వాత మాత్రం ఎస్ కాదు, జెడ్. టిమ్ పోప్ రాసిన సరౌండ్ ప్లగిన్‌తో ఢీకొనకుండా అలా పెట్టారు. డి జెడ్ కొట్టి రెండక్షరాలు కొడితే ఆ చోటు ముందుదాకా పోతుంది.

రెండోది ప్లగిన్ తప్పు కాదు, విమ్ నియమమే. స్లాష్ అనేది ఎక్స్‌క్లూజివ్ మోషన్, అంటే చేరిన అక్షరాన్ని వదిలేసి అంతకుముందుదాకా తీసుకుంటుంది. అయితే చేరిన చోటు సరిగ్గా మొదటి కాలమ్ అయితే, చివర కిందటి లైన్ అంచుకి జరుగుతుంది. ఆపైన, మొదలుపెట్టిన చోటు కూడా ఆ లైన్‌లో మొదటి అక్షరం దగ్గరో అంతకన్నా ముందో ఉంటే, మొత్తం లైన్‌వైజ్ (పూర్తి లైన్ల లెక్క) అయిపోతుంది. అందుకే ఒకసారి అలా, ఒకసారి ఇలా. లైన్ మధ్యలోంచి మొదలుపెడితే లైన్లు పోవు, లైన్ మొదట్లోంచి మొదలుపెడితే పోతాయి. కచ్చితంగా అక్షరాల లెక్కనే కావాలంటే ఆపరేటర్‌కీ మోషన్‌కీ మధ్య కంట్రోల్ లేని ఉత్త వి పెట్టండి: డి, వి, స్లాష్, పదం. కాకపోతే ఆ వి ఎక్స్‌క్లూజివ్‌ని ఇన్‌క్లూజివ్‌గా తిప్పేస్తుంది, చేరిన అక్షరం కూడా పోతుంది. ఒక్క అక్షరమే గాబట్టి మళ్ళీ కొట్టుకోవచ్చు. ఇంకో దారి, ముందు విజువల్‌లో (ఎంపిక మోడ్) పట్టుకుని చూసి చెరపడం. వరస పొడుగైనా ఏం పోతుందో కళ్ళముందు ఉంటుంది.

పదం చివరిదాకా కలుపుకుని చెరపాలంటే ప్యాటర్న్ వెనక స్లాష్, చిన్న ఈ కొట్టి ఎంటర్. ఇది ఇన్‌క్లూజివ్.

ఫ్లాష్ వాడేవాళ్ళకి ఒక మంచి సంగతి: ఆపరేటర్ తర్వాత ఆర్‌కి దాని రిమోట్ ఫంక్షన్ కట్టుకుంటే వై ఆర్, అక్షరాలు, లేబుల్, ఆపైన ఐ డబ్ల్యు. దూరంగా ఉన్న పదం కాపీ అవుతుంది, కర్సర్ తిరిగి ఉన్న చోటికే వస్తుంది. పి కొడితే అయిపోయె. మీ మూడో ప్రశ్నకి ఇంతకన్నా సూటి జవాబు లేదు. అదే ఫ్లాష్‌ని స్లాష్ సెర్చ్‌కి కూడా తగిలించవచ్చు, ఇప్పటి వెర్షన్లలో అది డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, మోడ్స్ కింద సెర్చ్‌ని ఆన్ చేయాలి.

---

మీటా_ఎక్స్ జవాబు:

ప్రశ్న విమ్ గురించే అయినా ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్‌లో ఇదే సమస్యకి ఉన్న ఏవీ ప్యాకేజీ చూడదగ్గది, పోల్చుకోవడానికైనా. ఏవీ-గోటూ-చార్-టైమర్ పిలిచి ఎన్ని అక్షరాలైనా కొట్టండి, కొట్టడం ఆపిన 0.5 సెకన్లకి లేబుళ్ళు వస్తాయి. ఆ విరామం ఏవీ-టైమ్‌అవుట్-సెకండ్స్‌లో ఉంటుంది. చెయ్యి ఆగి ఆగి కొట్టేవాళ్ళు దాన్ని తగ్గిస్తే ఇబ్బంది పడతారు: మూడో అక్షరం కొట్టేలోపు లేబుళ్ళు వచ్చేస్తాయి, ఆ మూడో అక్షరం లేబుల్ అనుకుని ఎక్కడికో దూకుతుంది. తప్పు చోటికి పోతుంటే దాన్ని 0.8 దాకా పెంచి చూడండి, తర్వాత మెల్లగా దించండి.

లేబుల్ పదాన్ని కప్పేస్తోందని మీరన్నారు. ఇక్కడ ఏవీ-స్టైల్‌కి పోస్ట్ అని పెడితే లేబుల్ పదం మీద కాక వెనక వస్తుంది. అప్పుడు లైన్ కాస్త జరుగుతుంది గానీ పదం చదవచ్చు. డీఫాల్ట్ లేబుల్ కీలు ఎ ఎస్ డి ఎఫ్ జి హెచ్ జె కె ఎల్, మొత్తం తొమ్మిది, అన్నీ చేతికింద వరసే. ఒక కీతో 9, రెండు కీలతో 81 చోట్లు. అందుకే రెండు మూడు అక్షరాలు కొట్టి వడగట్టాక దాదాపు ఎప్పుడూ ఒక్క కీయే.

అసలు బలం వేరే ఉంది. లేబుల్ కొట్టే ముందు ఇంకో కీ కొడితే అక్కడికి వెళ్ళడం కాక వేరే పని చేస్తుంది: ఎన్ కొట్టి లేబుల్ కొడితే అక్కడిది కాపీ అవుతుంది, టి కొడితే అక్కడినుంచి తీసి ఇక్కడ పెడుతుంది, ఎక్స్ కొడితే అక్కడికి పోయి చెరుపుతుంది. మామూలు ఐసెర్చ్‌లో (ఈమ్యాక్స్ సొంత సెర్చ్) ఉండగా దారి మార్చుకోవాలంటే ఏవీ-ఐసెర్చ్‌ని ఒక కీకి కట్టుకుంటే కనిపిస్తున్న మ్యాచ్‌లన్నిటికీ లేబుళ్ళు పడతాయి. వెనక్కి రావడానికి కంట్రోల్-యు కంట్రోల్-స్పేస్. వేరే విండోకి దూకి ఉంటే ఏవీ-పాప్-మార్క్.

---

హెలిక్స్_వాడుక:

హెలిక్స్ అనే ఎడిటర్‌లో ఇది ప్లగిన్ లేకుండానే ఉంది. జి డబ్ల్యు కొడితే కనిపిస్తున్న పదాలన్నిటికీ రెండక్షరాల లేబుళ్ళు. చూపుమొన గారు ఈజీమోషన్ గురించి చెప్పిన ఇబ్బంది దీనికీ వర్తిస్తుంది, ముందుగా ఏం కొట్టాలో తెలియదు. కాకపోతే అందులో ఎఫ్, టి ఒక్క లైన్‌కే ఆగవు, కింది లైన్లకీ పోతాయి. అరుదైన గుర్తు ఏదైనా కనబడితే ఎఫ్ ఒక్కటే చాలు. మళ్ళీ అదే చేయాలంటే ఆల్ట్-చుక్క.

---

జెజెజెజె:

ఇంకొక్కటి. ఈజీమోషన్ వాడుతున్నప్పుడు లేబుళ్ళు రాగానే ఎర్రర్లు గుట్టలుగా వచ్చి పోతున్నాయి, ఎల్ఎస్‌పీ (కోడ్‌లో తప్పులు చూపే సర్వర్) ఉన్న ఫైళ్ళలో. అది కూడా సెట్టింగా? ఇంకా, తెలుగు కామెంట్లున్న లైన్లలో లేబుళ్ళు ఒక పక్కకి జరుగుతున్నాయి.

---

చూపుమొన:

మొదటిది ఈజీమోషన్ పనిచేసే తీరు. అది లేబుల్ అక్షరాలని తాత్కాలికంగా ఫైల్ బఫర్‌లోనే రాస్తుంది, దూకాక తీసేస్తుంది. ఆ కాసేపట్లో ఎల్ఎస్‌పీ చూసేది పాడైన కోడ్, అందుకే ఎర్రర్లు. ఈజీమోషన్ మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ వచ్చే ఆటోకమాండ్లు ఉన్నాయి (ఈజీమోషన్‌ప్రాంప్ట్‌బిగిన్, ఈజీమోషన్‌ప్రాంప్ట్‌ఎండ్), వాటిలో డయాగ్నస్టిక్స్ (ఎర్రర్లు చూపడం) ఆపి మళ్ళీ పెట్టొచ్చు. దానికన్నా మార్చేయడమే మేలు. లీప్, ఫ్లాష్, హాప్ లేబుళ్ళని ఎక్స్‌ట్‌మార్క్‌లుగా పైపైన చూపిస్తాయి, ఫైల్‌ని ముట్టుకోవు.

తెలుగు లైన్ల విషయం ప్లగిన్ చేతిలో లేదు. ఒత్తులు, గుణింతాలు కలిసిన అక్షరానికి ఎన్ని గళ్ళు అన్నదానిమీద టెర్మినల్‌కీ ఎడిటర్‌కీ లెక్క కుదరదు, కుదరని ప్రతి అక్షరానికీ లేబుల్ కొంత పక్కకి పోతుంది. ఆ లైన్లకి లైన్ లేబుల్ వాడండి, లైన్ మొదట్లో జరుగుబాటు ఉండదు. అక్కడినుంచి స్లాష్. ఇంకోటి, సిస్టమ్ కీబోర్డ్ తెలుగులో ఉండగా లేబుల్ కొడితే ఎడిటర్‌కి చేరేది తెలుగు అక్షరం, ఏ లేబుల్‌తోనూ కలవదు. దూకే ముందు కీబోర్డ్ ఇంగ్లీషుకి మార్చాలి.

---

సర్వర్_విమ్:

మాక్రో (మళ్ళీ నడపడానికి దాచుకునే కీల వరస) రికార్డ్ చేసేటప్పుడు మాత్రం లేబుళ్ళతో దూకకండి. లేబుల్ ఏ అక్షరం అన్నది ఆ క్షణాన తెరమీద ఏముందో దాన్నిబట్టి వస్తుంది, రెండోసారి నడిపేటప్పుడు అదే అక్షరం వేరే చోటిది అవుతుంది. మాక్రోలో ఎఫ్, టి, స్లాష్ ఇవే.